నాలుగు గిన్నెల క్యారేజీ

అరండల్‌పేట ఆరో లైనులో
మెట్లెక్కితే ఆడిటరమ్మ ఆఫీసు.
ఫ్యాను గాలికి కాయితాలు ఎగరకుండా
ఖాళీ గోలీసోడా సీసా బరువు పెట్టింది.
నలుగురం వెళ్ళాం, కుర్చీలు మూడే.
నేను నిలబడ్డాను. నాకు అలవాటే,
కర్రీ పాయింటులో పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నాను.

గోరంట్ల మలుపులో ఆరువందల గజాలు.
యోహాను సెంట్రింగు కూలీ నుంచి మేస్త్రీ దాకా
దాచిన డబ్బు,
సైదావలి మిర్చి కమీషను,
సోమయాజులు మేష్టారి గ్రాట్యుటీ,
నావి ఇరవై రూపాయల కూర కవర్లు.
ఎన్ని ముళ్ళు వేశానో వేళ్ళకే తెలుసు.

"నలుగురి పేర్లా రిజిస్టరు చేయించేస్తే పోలా?"
అన్నాడు యోహాను.
ఆడిటరమ్మ కళ్ళజోడు తీసి తుడిచింది.
"నలుగురిలో ఒకరు పోతే?"

కింద రోడ్డు మీద మజ్జిగ బండి గంట.
మేష్టారే నవ్వారు:
"వరసలో ముందు నేనేగా, మొహమాటం దేనికి, చెప్పు తల్లీ."
"మీకు ముగ్గురమ్మాయిలు కదండీ.
ప్రతి సంతకానికీ వీళ్ళు
భిలాయి, సూరత్, విజయనగరం తిరగాలి."

"అయితే భాగస్వామ్య సంస్థ. ఒక స్టాంపు కాయితం, అయిపోయె!"
ఈసారి సైదావలి తల అడ్డంగా ఊపాడు.
అప్పు వాళ్ళ నాన్న చేసింది కాదు,
నాన్న పక్క గాదీ మీద కూర్చున్నాయన చేసింది.
కోల్డ్ స్టోరేజీలో బస్తాలు కాలిన ఏడు
అప్పులవాళ్ళు ఆయన కోసం వెతికి, దొరక్క,
లాలాపేటలో వీళ్ళ తలుపు కొట్టారు.
"ఆ తలుపు కూడా లెక్కలో రాసుకున్నారు"
నవ్వుతూ చెప్పబోయి
మధ్యలో మంచినీళ్ళు అడిగాడు.

ప్రైవేటు లిమిటెడ్ అంటే
డైరెక్టర్లు, మీటింగులు, మినిట్స్ పుస్తకం.
"టీ ఖర్చుకే మన అద్దె చాలదు," యోహాను.

ఇంకొకటుందట, ఎల్ఎల్‌పీ.
పరిమితమైన బాధ్యత, అంటూ మొదలుపెట్టి
నా మొహం చూసి ఆగిపోయింది.
సంస్థ చేసిన అప్పు
మా ఇళ్ళ గడప దాటి లోపలికి రాదట,
ఒకడి తప్పు ఇంకొకడి మెడకు చుట్టుకోదట.
"అంటే క్యారేజీయేగా!" అన్నాను.
పిడి ఒకటే, మోసుకెళ్ళేది కలిసే,
కింది గిన్నెలో పప్పుచారు పులిసినా
పై గిన్నెలో పెరుగన్నం పెరుగన్నమే.

"ఈ ముక్క ముందే తెలిస్తే
మొదటిసారే పరీక్ష పాసయ్యేదాన్ని," అని
అంతలోనే వేలు చూపించింది:
"బ్యాంకులో మీ సొంత హామీ సంతకం పెట్టారో,
గిన్నెలన్నీ ఒకే గంగాళంలో బోర్లించినట్టే.
ఇంకోటి. ముందు సంస్థ, తర్వాతే స్థలం.
తిరగేశారా, స్టాంపు డ్యూటీ రెండుసార్లు."

మేష్టారు పెన్సిలు తీసి రాస్తున్నారు:
యోహాను కట్టుబడి చూస్తాడు,
సైదావలి అద్దెలు చూస్తాడు,
నేను లెక్కలు,
"తిరపతమ్మ గారు స్లీపింగ్ పార్ట్‌నరు."

తెల్లారగట్ల మూడింటికి
బ్రాడీపేటలో వెలిగే మొదటి పొయ్యి నాది.
"ఏ పార్ట్‌నరూ?" అన్నాను.

పెన్సిలు వెనక రబ్బరు ఉండటం ఎంత మంచిది!
చెరిపిన చోట కాయితం కాస్త పలచబడింది,
దాని మీదే నా పేరు మళ్ళీ రాశారు,
సంతకం పెట్టాల్సిన ఇద్దరిలో ఒకరిగా.

విడిపోతే ఎవరికెంత, ఎలా,
అది ఆఖరి పేజీ.
మేష్టారు రెండుసార్లు చదివి
మాకేసి ఒకసారి చూసి
"బాగుంది, కలిసే ఉందాం" అన్నారు.

నెల తిరక్కుండా నా డిజిటల్ సంతకం వచ్చింది,
ఎండుమిరపకాయంత పొడవు, ఎర్ర మూత.
ఎక్కడ దాచాలో తోచక
పోపులపెట్టెలో మెంతుల గిన్నెలో పెట్టాను.
జీలకర్రయితే పక్కింటివాళ్ళు అడుగుతారు.
మెంతుల జోలికి ఎవరూ రారు.